ఆ సీసా ఎక్కడ ముంచారు, ఎప్పుడు ముంచారు?

పోయిన ఎండాకాలం మా మేనల్లుడు వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పంపాడు. దాని కింద రెండు ముక్కలు: "మామా, అంతా లిమిట్ల ఉన్నది. ఇగ చేపపిల్లలు పోయొచ్చు గద?"

అదొక నీటి పరీక్ష రిపోర్టు. మా అక్కనిచ్చిన ఊరు ఆదిలాబాద్ జిల్లాలో, పెన్‌గంగకు ఈవల ఉంటుంది. ఊరి పేరు రాయను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. ఊరికి పడమర ఒకప్పుడు మాంగనీసు తవ్విన గుంత ఉంది. ఊళ్లో ఇప్పటికీ దాన్ని ఖదాన్ అనే అంటారు. తవ్వకం ఆగేనాటికి మా మేనల్లుడు ఇంకా బళ్లో పడలేదు. ఇప్పుడు వాడికి బడికి పోయే బిడ్డ ఉంది. గుంత నిండా నీళ్లు, దాని పక్కన నల్లటి మట్టి కుప్పలు. పశువులు ఆ నీళ్లే తాగుతాయి. ఇద్దరు ముగ్గురు మోటార్లు పెట్టి పత్తికి పారిస్తారు. ఈమధ్య ఊరి పిల్లగాళ్లు కొందరు అందులో చేపలు పెంచుదామన్నారు. అవి మంచి నీళ్లు కావని పెద్దోళ్లు అడ్డం పడ్డారు. తగువు తెంపడానికి ఒకరు ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో నీళ్లు పట్టి, పట్నంలో ఒక ల్యాబులో ఇచ్చి వచ్చారు.

హనుమకొండలో ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి. కాగితం చూడగానే నాకూ సంతోషమే అయింది. మాంగనీసు హద్దులోనే ఉంది, ఇనుము హద్దులోనే ఉంది, పీహెచ్ బాగుంది. పోసుకోండని రాయబోయి ఆగాను. రాత్రి పడుకున్నాక కూడా ఆ సీసానే మెదిలింది. తెల్లారి ఫోన్ చేసి అడిగాను, నీళ్లు ఎక్కడ పట్టారని. "ఒడ్డు మీదనే." ఎప్పుడు? "మే నెల, మాపటి నాలుగింటికి." ల్యాబుకు ఎప్పుడు చేరింది? "మూడొద్దులు బండి డిక్కీలనే ఉండె మామా. ఆదివారం పడ్డది, మల్ల పెండ్లి ఉండె."

అప్పటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు. చదివాను, పోయి చూశాను, తెలిసినవాళ్లను అడిగాను. చివరికి నాకు కుదిరిన అభిప్రాయం ఇది: వదిలేసిన గని చుట్టూ మట్టీ నీళ్లూ చెడ్డాయా లేదా అన్న తీర్పు సగానికి సగం ల్యాబు గడప తొక్కకముందే ఖాయమైపోతుంది. నమూనా ఏ చోట తీశారు, ఏ కాలంలో తీశారు, దేనితో పోల్చారు అన్నవే ఆ తీర్పు రాస్తాయి. ఈ మూడూ ఎంచుకునే దగ్గర ఊరివాళ్లు కూర్చోనంతవరకు "పరిమితుల్లోనే ఉంది" అన్న కాగితాన్నీ నమ్మలేను, "విషం" అన్న పేపరు వార్తనూ నమ్మలేను.

డిక్కీలో మూడు రోజులు

మాంగనీసుకు రెండు బతుకులు. గాలి తగిలే చోట అది నల్లటి పొడి, నీళ్లలో కరగదు. గాలి అందని చోట, బురద అడుగున, అదే పొడి కరిగి రంగు లేకుండా నీళ్లలో కలిసిపోతుంది. మా అక్క ఇంటి వెనక చేతిబోరింగు నీళ్లు గ్లాసులో తేటగా ఉంటాయి. వాటితో ఉతికితే మాత్రం తెల్ల ధోవతుల మీద నల్ల చుక్కలు పడతాయి, బిందె అడుగున నల్ల గార కడుతుంది. భూమిలో గాలి అందక కరిగి ఉన్న మాంగనీసు పైకి వచ్చి, గాలి తగిలి మళ్లీ నల్లబడుతుందన్న మాట.

కూల్‌డ్రింకు సీసాలోనూ జరిగేది అదే. లోహాల కోసం తీసిన నీటిని అక్కడికక్కడే సన్నటి ఫిల్టరులో వడగట్టాలి. దాని రంధ్రం 0.45 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. వడగట్టాక నైట్రిక్ ఆసిడ్ చుక్కలు వేసి పీహెచ్ 2 కన్నా కిందికి దించాలి. అప్పుడు కరిగినది కరిగినట్టే ఉంటుంది. ఆసిడ్ వేయకుండా మూడు రోజులు ఎండలో తిప్పితే ఇనుము, మాంగనీసు పొడిగా మారి అడుగుకు చేరతాయి, సీసా గోడలకు పట్టుకుంటాయి. ఆదిలాబాద్ చుట్టుపక్కల మాంగనీసు పెన్‌గంగ సున్నపురాతి పొరల మధ్య దొరుకుతుంది. సున్నపు నీళ్లకు పీహెచ్ ఎక్కువ కాబట్టి ఆ మార్పు ఇంకా తొందరగా జరుగుతుంది. ల్యాబులో పైనున్న తేట నీళ్లు తీసి కొలుస్తారు. అంకె చిన్నగా వస్తుంది. ల్యాబువాళ్లు తప్పు చేయలేదు, తమ చేతికిచ్చిన నీళ్లనే కొలిచారు. గుంతలోని నీళ్లు మాత్రం వాళ్ల చేతికి అందనే లేదు.

ఇక ఒడ్డు సంగతి. లోతైన గుంతలో ఎండాకాలం నీళ్లు పొరలు పొరలుగా నిలుస్తాయి. పైన వేడి నీళ్లు తేలికై ఉంటాయి, కింద చల్లటివి బరువై ఉంటాయి, రెండూ కలవవు. పైపొరకు గాలి తగులుతుంది కాబట్టి అక్కడ మాంగనీసు తక్కువ. అడుగున గాలి ఉండదు కాబట్టి అక్కడ కరిగి పోగుపడుతుంది. మే నెల మాపటి పూట ఒడ్డున ముంచిన సీసా ఆ గుంతలోకెల్లా మంచి నీటిని పట్టుకొచ్చింది. చలికాలం వస్తే పైపొర చల్లబడి బరువెక్కి కిందికి దిగుతుంది, అడుగు నీళ్లు పైకి లేస్తాయి. చలికి ఆదిలాబాద్ పెట్టింది పేరు. డిసెంబరు, జనవరిలో రాత్రి పది డిగ్రీల లోపుకు పడిపోవడం అక్కడ మామూలే. చేపలకు గండం ఆ రోజుల్లో, గాలి లేని అడుగు నీళ్లు పైకి లేచినప్పుడు. మే నెల కాగితం పుష్యమాసం నీళ్లకు పూచీ పడదు.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అడిగింది చేపల గురించి, జవాబు వచ్చింది మనుషుల గురించి. రిపోర్టులో పక్కన వేసిన హద్దులన్నీ తాగునీటి ప్రమాణాలు, అంటే ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం. రాగినే తీసుకోండి. ఆ ప్రమాణం ప్రకారం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు కోరదగిన హద్దు. వేరే నీళ్లు దొరకకపోతే 1.5 వరకు ఫరవాలేదంటుంది. మనిషికి ఫరవాలేదన్న ఆ 1.5లో చాలా రకాల చేపలు బతకవు. ఆ ఊరి గుంతలో రాగి ఉందని నేననడం లేదు. ఏ ప్రశ్నకు ఏ కొలబద్ద వాడామో ఆ కాగితం చెప్పలేదని అంటున్నాను.

హద్దులు కూడా రాతి మీద రాతలేం కావు. మాంగనీసుకు మన ప్రమాణం లీటరుకు 0.1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 0.3. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు 0.4 అన్నది. 2011లో, అంత మోతాదు తాగునీటిలో మామూలుగా ఉండదని, విడిగా హద్దే అక్కర్లేదన్నది. 2022 కూర్పుకు వచ్చేసరికి సీసా పాలు తాగే పసిపిల్లలను దృష్టిలో పెట్టుకుని 0.08 అని తాత్కాలికంగా పెట్టింది. పదేళ్లలో పసిపిల్లల ఒంటి తీరు మారలేదు, మన ఎరుక మారింది. అందుకే "లిమిట్ల ఉన్నది" అన్న మాటకు పక్కన ఏ సంవత్సరపు లిమిటో, ఎవరి కోసం పెట్టిన లిమిటో కూడా రాయాలంటాను.

మా పెరటి మట్టి

నీళ్లకన్నా మట్టి దగ్గర నేను పెద్ద పొరపాటు చేశాను. జూన్‌లో ఊరికి పోయినప్పుడు కుప్పల పక్క చేలల్లో మట్టి తీసి, సంచుల్లో కట్టి తెచ్చాను. పోలికకు శుభ్రమైన మట్టి కావాలి కదా అని హనుమకొండలో మా పెరట్లోంచి ఒక సంచి నింపాను. లోహాలు కొలిచే యంత్రం ఉన్నచోట నా పాత విద్యార్థి ఒకరు పనిచేస్తున్నారు. సంచులు చూసి ఆయన ఒకే మాట అడిగారు: "సార్, వీటిని దేనితో పోల్చమంటారు?"

మా పెరటి మట్టితో అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "మీది గ్రానైటు మట్టి, వాళ్లది బసాల్టు మట్టి కదా సార్," అన్నారు.

ఓరుగల్లంటేనే ఏకశిల. ఇక్కడి ఎర్ర చెలకలు గ్రానైటు అరిగి వచ్చినవి. ఆదిలాబాద్ నల్లరేగడి బసాల్టు అనే దక్కన్ లావా రాయి అరిగి వచ్చింది. రెండు రాళ్ల పుట్టుకే వేరు. 1961లో ట్యురేకియన్, వెడెపోల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏ రాతిలో ఏ లోహం సగటున ఎంత ఉంటుందో పట్టిక వేశారు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఇప్పటికీ అది వాడతారు. అందులో బసాల్టు జాతి రాళ్లలో రాగి కిలోకు 87 మిల్లీగ్రాములు, గ్రానైటులో 10, షేల్ అనే మట్టిరాతిలో 45. నికెల్ అయితే బసాల్టులో 130, గ్రానైటులో నాలుగున్నర.

మట్టి కాలుష్యాన్ని అంచనా కట్టడానికి 1969లో జర్మనీకి చెందిన ముల్లర్ ఇచ్చిన సూత్రం ఒకటి ఎక్కువగా వాడుకలో ఉంది. మట్టిలో దొరికిన లోహాన్ని, అక్కడ సహజంగా ఉండాల్సిన దానికి ఒకటిన్నర రెట్లతో భాగించి, 2 ఆధారంగా లాగరిథమ్ తీస్తారు. సున్నాకు కింద వస్తే కాలుష్యం లేదు. పైకి పోయేకొద్దీ ఒక్కో మెట్టు. కాగితం తీసుకుని నేనే వేసి చూశాను. గని ముఖమే ఎరగని నల్లరేగడి చేనులో రాగి 87 ఉందనుకుందాం. బసాల్టుతో పోలిస్తే జవాబు మైనస్ 0.58, కాలుష్యం లేదు. షేల్‌తో పోలిస్తే 0.37, కొంచెం అనుమానించాల్సిన మట్టి. గ్రానైటుతో, అంటే మా పెరటి మట్టి లాంటి దానితో పోలిస్తే 2.54. అది మూడో మెట్టు, "ఓ మోస్తరు నుంచి తీవ్ర కాలుష్యం". చేను అదే, మట్టి అదే, రాగి అంతే. మూడు తీర్పులు!

నా సంచి పట్టుకుని పేపరువాళ్ల దగ్గరికి పోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. ఇది తిరగేసినా ప్రమాదమే. పాత కుప్పల మధ్యనే ఒక చోటు చూసి దాన్నే "సహజం" అనుకుంటే, నిజంగా చెడిన నేల కూడా శుభ్రమైపోతుంది. గని నేలలో ఖనిజం సహజంగానే ఎక్కువ ఉంటుంది. ఆ ఖనిజం ఉంది కాబట్టే అక్కడ తవ్వారు. తవ్వకముందు ఎంత ఉండెనో కొలిచి పెట్టినవాళ్లు లేరు. అందుకని గాలికి, వాననీటి వాలుకు ఎగువన, అదే రాయి, అదే రేగడి, తవ్వకం సోకని చోటు వెతకాలి. ఆ చోటు భూగర్భ పటం కొంత చూపిస్తుంది. ఏ చేనులో కుప్ప మట్టి బండ్లతో తోలి గట్లు పోశారో, ఏ బాటకు ఆ రాయి పరిచారో పటంలో ఉండదు, ఊరి నోట ఉంటుంది.

కార్డులో లేని గడులు

మేనల్లుడి దగ్గర భూసార కార్డు కూడా ఉంది. "మట్టి పరీక్ష గూడ అయింది మామా," అని ధైర్యంగా చూపించాడు. 2015లో దేశమంతా మొదలైన ఈ కార్డుల మీద నాకు గౌరవం ఉంది. ఎరువు అడ్డగోలుగా వేసే రైతుకు అది పనికొస్తుంది. కాని అందులోని 12 గడులు అడిగే ప్రశ్న వేరు. జింకు, ఇనుము, రాగి, మాంగనీసు పంటకు చాలుతున్నాయా అని అడుగుతాయి. డీటీపీఏ అనే ద్రావణంతో మొక్క అందుకోగల వంతు మాత్రమే తీసి, ఫలానా అంకెకు కింద ఉంటే లోటు అంటాయి. ఎక్కువైతే ఏమిటన్న ఆలోచనే ఆ కార్డుకు లేదు. మా వాడి కార్డులో మాంగనీసు ఎదురుగా "సరిపడా" అని ఉంది. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్‌లకు గడులే లేవు. లోటు చూసే కార్డును అతి లేదనడానికి రుజువుగా పట్టుకోవడం తప్పు. ఆ తప్పు వాడిది కాదు, కార్డు ఇచ్చినప్పుడు ఈ మాట చెప్పినవాళ్లు లేరు.

మట్టిలో మొత్తం లోహం ఎంతుందన్నది కూడా పూర్తి జవాబు కాదు. గాదెలో ఎన్ని బస్తాలున్నాయన్నది ఒక లెక్క, ఇవాళ ఎసట్లో ఎన్ని బియ్యం పడ్డాయన్నది ఇంకో లెక్క. 1979లో టెస్సియర్, ఆయన సహచరులు ఒకే మట్టిని వరసగా ఐదు ద్రావణాలతో కడిగి, లోహం ఎంత వదులుగా ఉందో, ఎంత గట్టిగా పట్టుకుని ఉందో విడదీసే పద్ధతి చెప్పారు. తేలిగ్గా ఊడి వచ్చేది, సున్నానికి అంటుకున్నది, ఇనుము-మాంగనీసు ఆక్సైడులు పట్టుకున్నది, సేంద్రియ పదార్థంలో ఉన్నది, రాతి గర్భంలో బంధమై ఉన్నది. చివరి వంతుతో మన పంటకూ మనకూ పేచీ లేదు.

నన్ను బాగా ఆలోచింపజేసింది మూడో వంతు. మాంగనీసు ఆక్సైడు చుట్టుపక్కల సీసం, కోబాల్టు, నికెల్ లాంటి వాటిని గట్టిగా పట్టి ఉంచుతుంది. ఒక రకంగా అది కాపలా కుక్క. అందుకే గుంత పక్క మెట్ట చేను పెద్దగా చెడకపోయినా నేను ఆశ్చర్యపోను. కాని అదే చేనును బురదగా మార్చి నీళ్లు నిలగడితే గాలి ఆడక ఆక్సైడు కరుగుతుంది, పట్టి ఉంచినవన్నీ వదిలేస్తుంది. మా మేనల్లుడు గుంత నీళ్లున్నాయి కదా అని రెండేళ్ల కింద కుప్ప దిగువ అరెకరం పత్తి తీసేసి వరి వేశాడు. పత్తి చేనుగా ఉన్నప్పుడు చేసిన పరీక్ష, వరి మడి అయ్యాక చెల్లదు. ఇది తెలిసిన రైతు ఎంతమంది? చెప్పిన అధికారి ఎంతమంది?

రాగి గని దగ్గర లెక్క మళ్లీ వేరు. కొత్తగూడెం దిక్కు మైలారం గుట్టల్లో ఒకప్పుడు రాగి తవ్వారు. రాగి సాధారణంగా గంధకంతో కలిసి సల్ఫైడు ఖనిజంగా ఉంటుంది, దాని వెంట ఇనుప గంధకమూ ఉంటుంది. తవ్వి బయట పోసిన రాయికి గాలీ నీళ్లూ తగిలితే గంధకికామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం తాకిన లోహమల్లా కరుగుతుంది. ఎండాకాలం కుప్పల మీద తెల్లగా, ఆకుపచ్చగా ఉప్పు పేరుకుంటుంది. అది నీళ్లు ఇంకిపోయి మిగిలిన లోహ లవణం. మృగశిర కార్తెలో తొలి వాన పడగానే ఆ ఉప్పంతా ఒక్క ఊపులో కరిగి ఒర్రెలోకి దిగుతుంది. ఆ కొద్ది గంటల్లో దిగేంత లోహం తరువాత నెల రోజుల వానల్లో దిగకపోవచ్చు. మరి నమూనా తీసే జీపు ఎప్పుడు వస్తుంది? బాట బురద లేనప్పుడు, ఒర్రె దాటగలిగినప్పుడు. తొలకరి మొదటి గంటలో ఒర్రె ఒడ్డున ఉండగలిగేది ఊరి మనిషి ఒక్కడే.

తాత చూపించిన కల్లం

ఊరి మనిషి ఉండాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి ఒక కారణం ఉంది. ఖదాన్‌లో పని చేసినవాళ్లలో ఒక గోండు పెద్దాయన ఇంకా ఉన్నారు. మేనల్లుడు, నేను ఆయన్ను తీసుకుని గుంత చుట్టూ తిరిగాం. కుప్పల దగ్గర ఆయన ఆగలేదు. నడుచుకుంటూ ఊరి వైపు వచ్చి, ఇప్పుడు అందరూ సోయాలు, శనగలు నూర్చే కల్లం మధ్యలో నిలబడ్డారు.

"గీడనే కడిగేటోళ్లం సారూ. ఆడోళ్లు రాయి కొట్టేది, మేం కడిగేది. నల్ల నీళ్లన్ని గా ఒర్రెల వడి పొయ్యేటియి."

అక్కడ కుప్ప లేదు, గుంత లేదు. చదునైన నేల, అంచున రెండు మోదుగు చెట్లు. ఎంత గొప్ప సంస్థ వచ్చి గుంత చుట్టూ గళ్లు గీసి నమూనాలు తీసినా ఈ కల్లాన్ని వదిలేసేది. ఖనిజం కడిగిన చోట మట్టి పిండిలా ఉంటుంది. రాయికన్నా పిండి తొందరగా కరుగుతుంది, గాలికి లేస్తుంది. ఆ కల్లం మీద తూర్పారబట్టిన గింజలే ఊరు తింటుంది.

నేనాయన్ను నీళ్ల రంగు గురించి అడిగాను. "ఎండకాలం ఏం గాదు. సలికాలం ఒక పొద్దు లేసి సూస్తే గుంతల నీళ్లు నల్లవడ్తయి, వాసనొస్తయి. గప్పుడు పసులు మూతి పెట్టయి." పొరలు తిరగబడటం గురించి నేను పుస్తకాల్లో వెతికి తెలుసుకున్నది ఆయన గొడ్లను చూసి తెలుసుకున్నారు. ఏ రోజు సీసా ముంచాలో ఆయనకు తెలుసు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆయన చేతులు వణుకుతున్నాయి, నడక బిగుసుకుపోయినట్టుంది. మాంగనీసు దుమ్ము పీల్చే కార్మికులకు వణుకుడు జబ్బు లాంటిది వస్తుందని 1837లోనే స్కాట్లండులో కూపర్ అనే వైద్యుడు రాశాడు. నా మనసు వెంటనే అక్కడికి పరుగెత్తింది. ఆయన వయసు ఎనభై దగ్గర. ఆ వయసులో ఏ పని చేసినవారికైనా చేతులు వణకవచ్చు. వైద్యులు చూడకుండా ఇది ఖదాన్ వల్లే అని నేనంటే, మా పెరటి మట్టితో చేసిన పొరపాటే మళ్లీ చేసినట్టు. అలాగని కాదు అనీ అనలేను. ఆ రోజు ఆయన్ను ఇంటి దగ్గర దింపి వచ్చాక రాత్రంతా నిద్ర పట్టలేదు.

కళ్లను నమ్మడానికీ హద్దుంది. ఊరివాళ్లు నల్ల నీళ్లకు భయపడతారు, తేట నీళ్లను నమ్ముతారు. కంటికి చెడ్డగా కనిపించే ఇనుము, మాంగనీసు చాలాసార్లు పెద్ద ప్రమాదం కాదు. లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడని సీసం, 0.003 దాటకూడని కాడ్మియం నీళ్లలో కనిపించవు, నాలుకకు తెలియవు. ఎక్కడ ముంచాలో ఊరికి తెలుసు, సీసాలో ఏముందో ల్యాబుకు తెలుసు. నా వాదనంతా ఈ రెంటినీ విడదీయొద్దనే.

అక్క అడిగిన మాట

అన్నం తింటూ ఇదంతా చెప్తుంటే మా అక్క చెయ్యి ఆపింది. "అవ్ తమ్మీ, నువ్వు మంచికే చెప్తున్నవ్. గానీ రేపు మా ఊరి పేరు పేపర్ల ఎక్కితే? మా పత్తి ఎవలు కొంటరు? మనుమరాలికి సంబంధం ఎవలు తెస్తరు? నల్లగొండ దిక్కు ఫ్లోరైడు ఊర్లకు పిల్లనియ్యమన్నోళ్లు లేరా?"

నా దగ్గర జవాబు లేదు. ఊరి పేరు రాయకపోవడం ఒక్కటే అప్పటికప్పుడు నేను చేయగలిగింది. పరీక్ష ఖర్చు సర్కారు పెట్టినా, పరీక్ష ఫలితం ఖర్చు ఊరిదే. మరమ్మతుకు ఎవరు డబ్బు పెడతారో తేలకుండా కొలిచి పేరు పెట్టడం ఆ ఊరికి అన్యాయమన్న అక్క మాటలో నిజముంది. కొలవకుండా వదిలేస్తే వరి మడిలో ఏం జరుగుతోందో మనుమరాలికి కూడా తెలియదు.

బావ ఇంకో మాట అన్నాడు. పత్తి మీద ఏటా కొట్టే మందులు చూస్తే ఈ నల్ల మట్టి ఎంత అని. అదీ కొట్టిపారేయలేను. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నాయి కాబట్టి బోరింగు నీళ్ల భయం తగ్గిందన్నదీ నిజమే. కాని గొడ్లకు, చేలకు, కల్లానికి నల్లా లేదు.

చట్టం ఎక్కడుందో కూడా చూశాను. గని మూసేటప్పుడు నేలను సరిచేసే పథకం ఉండాలన్న నియమం 2003లో గట్టిపడింది. అంతకుముందే యజమాని వదిలిపోయిన గుంతలకు ఆ పథకమే లేదు. 2015 తరువాత జిల్లా ఖనిజ నిధులు వచ్చాయి. వాటిని గనుల ప్రభావం పడిన ఊళ్లలో తాగునీరు, పర్యావరణం వంటి వాటికి ముందుగా ఖర్చు పెట్టాలి. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల మీద నియమాలు తెచ్చింది. ఎంతో ఆశతో చదివితే, గనుల తవ్వకం వల్ల వచ్చే కాలుష్యానికి వేరే చట్టాలున్నాయని దాన్ని పక్కకు పెట్టారు. వేరే కాలుష్యంతో కలగలిసి, హద్దు దాటితేనే ఈ నియమాల కిందికి వస్తుంది. యజమాని లేని గుంతకు ఆ "వేరే చట్టం" కింద జవాబు చెప్పాల్సింది ఎవరు? ఖనిజ నిధిలో కొంత భాగం ఇలాంటి పాత గుంతల లెక్క తీయడానికి, వాటిని కొలవడానికి కేటాయించాలని నేను గట్టిగా కోరతాను. ఆ డబ్బు ఈ నేలలోంచి వచ్చిందే.

ఊరు, శాస్త్రం కలిసి పనిచేయడం జరగని పనేం కాదు. జపాన్‌లో జింజు నది ఎగువన కమియోకా గని కాడ్మియం వరి పొలాల్లోకి దిగి, దిగువ ఊళ్లలో ఎముకలు విరిగే జబ్బు వచ్చింది. నొప్పికి ఓర్చుకోలేక వాళ్లు అరిచిన అరుపే ఆ జబ్బుకు పేరైంది, ఇతాయ్-ఇతాయ్. 1968లో అక్కడి సర్కారు అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని ఒప్పుకుంది. కోర్టులో గెలిచాక 1972లో బాధితులు పరిహారంతో ఆగలేదు. తాము కోరినప్పుడు తమ నిపుణులతో గనిలోకి పోయి చూసే హక్కు రాయించుకున్నారు, ఆ ఖర్చు కంపెనీ పెట్టుకోవాలన్నారు. ఏటేటా పోయి చూశారు. చెడిన పొలాల మట్టి మార్చే పని 2012 దాకా సాగింది. నలభై ఏళ్ల ఓపిక అది. మన గుంత కమియోకా కాదు, కాకూడదనే కోరుకుంటున్నాను. ఆ ఒప్పందంలోని హక్కు మాత్రం మన ఊళ్లకూ కావాలి.

మొన్న గ్రామసభలో మేనల్లుడు లేచి, చేపపిల్లల సంగతి పుష్యమాసం దాటినంక మాట్లాడుదామన్నాడు. కొందరికి కోపం వచ్చింది, ఒక ఏడాది పోతుందని. గోండు తాత కల్లం మట్టి కూడా తీయాలన్నాడు. నా పాత విద్యార్థి కడిగి ఆరబెట్టిన పన్నెండు సీసాలు పంపారు, చిన్న సీసాలో ఆసిడ్ నేను తీసుకుపోయాను. ఏ సీసా గుంత అడుగుకు, ఏది ఒర్రెకు, ఏది ఎగువ చేను బాయికి అని తెలుగులో చీటీలు అంటించాం. అవన్నీ ఇప్పుడు మా అక్క ఇంట్లో పచ్చడి జాడీల పైన అటక మీద ఉన్నాయి. గుంత నీళ్లు నల్లబడ్డ పొద్దున, పసులు మూతి పెట్టని పొద్దున, ఎంత చలైనా సరే వెంటనే ఫోన్ చేయమని తాతకు మేనల్లుడి నంబరు పెద్ద అంకెలతో రాసిచ్చి వచ్చాను.